జొన్నకూడు, వరియన్నము, మలబద్ధకము

జ్వరము వచ్చినవాడు ఊరెల్ల చెప్పుకొనును. మూడు దినములుగా విరేచనము సాఫీగా లేనివాడు మాత్రము మందుల దుకాణమునొద్ద గొంతు తగ్గించి, పేరైన అడుగక, ఏ మాత్రనో పొడినో కొనుకొని గబగబ వెడలిపోవును. ఈ బిడియము గాంధీమహాత్మునకు లేదు. దక్షిణాఫ్రికాలో నున్నప్పుడు తనకు మలబద్ధకము బాధించెడిదనియు, ఆడాల్ఫ్ జస్ట్ అను జర్మను ప్రకృతివైద్యుని గ్రంథము చదివి పొట్టపై మట్టిపట్టీ వేసికొంటిననియు ఆత్మకథలో దాపరికము లేక వ్రాసికొన్నాడు. మట్టిపట్టీ మాట యెట్లున్నను, ఆ దాపరికము లేమి మనకు అలవడిన ఈ రోగములో సగము వైద్యుని యొద్దకు సకాలమునకే చేరును.

దినమునకొకసారి విరేచనము కాకున్న రోగమే యని తలచువారు పెక్కురు. అది నిజము కాదు. దినమునకు మూడుసార్లు మొదలు వారమునకు మూడుసార్ల వఱకు ఏదైనను ఆరోగ్యవంతులలో కానవచ్చునదే. అంతకు తగ్గినను, మలము గట్టిపడి తఱచుగా ముక్కవలసి వచ్చినను, పోయివచ్చినను ఇంకను మిగిలియున్నట్లే తోచుచున్నను అప్పుడు దానిని మలబద్ధకమనవలెను. చిన్నప్రేవు నుండి పెద్దప్రేవునకు దినమునకు ఇంచుమించు లీటరు, లీటరున్నర ద్రవము చేరును. పెద్దప్రేవు దానిలో అధికభాగమును పీల్చుకొని శరీరమున కిచ్చును. లోపల నిలిచిన కొలదియు మలము ఆరును, ఆరిన కొలదియు కదలిక మందగించును.

ఈ కదలిక తినెడి తిండిని బట్టియు నుండును. శ్రీనాథునివని ప్రసిద్ధములైన చాటువులలో పల్నాటి జొన్నకూటిపై ఎంత విసుగు కలదో చదువరు లెరుగుదురు. సన్నన్నమునకు అలవాటుపడిన కవిసార్వభౌమునకు ఆ ముద్ద గొంతు దిగకపోవుటలో వింత లేదు గాని, ఆయన ప్రేవులు మాత్రము ఆ ముద్దకు కృతజ్ఞత చెప్పుకొనియుండును. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడువబడిన పిదప, పల్నాటి పల్లెలలో పెక్కింట కవి కోరిన వరియన్నమే నిత్యభోజనమై, జొన్న, సజ్జ, కొఱ్ఱలు క్రమముగా వెనుకబడినవి. వరి వచ్చుట తప్పు కాదు. మరలో తెల్లగా పాలిషు పట్టించి, తవుడు పశువులకు వేసి, మిగిలిన పిండిపదార్థమును మాత్రమే మనము భుజించుట తప్పు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలను బట్టి నూరు గ్రాముల జొన్నలలో పది గ్రాములకు పైగా, సజ్జలలో పదకొండు గ్రాములకు పైగా పీచు ఉండగా, పాలిషు బియ్యములో మూడు గ్రాములైన లేదు. పెద్దలకు దినమునకు ముప్పది గ్రాముల దరిదాపు పీచు కావలెను. ఉగాండాలో చిరకాలము శస్త్రవైద్యము చేసిన డెనిస్ బర్కిట్, తన సహచరులతో కలిసి 1972లో ప్రకటించిన పరిశోధనలో, పీచు మెండుగా తిను ఆఫ్రికా గ్రామీణుల కడుపులో ఆహారము వేగముగా సాగి మలము ఎక్కువగా వచ్చుచుండగా, తెల్లరొట్టె తిను ఆంగ్లేయులలో అది రెండింతల కాలము నిలుచుచున్నదని తేల్చెను.

అయినను తిండి ఒక్కటే కారణమనుట అన్యాయము. చిలకలూరిపేటకు చేరువనున్న నాదెండ్ల ప్రాంతపు నల్లరేగడి చేలలో మిరపకోతలు వచ్చినవనగా, తెల్లవారకమునుపే క్యారేజీ కట్టుకొని ఆటో ఎక్కిన కూలితల్లి, కనుచూపుమేర చాటు లేని చేలో, మగవారు మసలుచోట, ఉదయము కలిగిన వేగమును పొద్దుగూకు వఱకు అణచుకొనవలసివచ్చును. ఒంటికి పోవలసివచ్చునేమో యను భయముతో దాహము వేసినను నీళ్ళు తగ్గించి త్రాగును. పిలిచినప్పుడు పోని వానికి మరల పిలుపు మెల్లగా వచ్చును: మలాశయము సాగి, స్పర్శజ్ఞానము మందగించి, కొన్నాళ్ళకు వేగము కలుగుటయే మానును. ఆయుర్వేదాచార్యుడైన వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానము నాలుగవ అధ్యాయములో అధికభాగమును వేగధారణకు, అనగా ఇట్టి వేగముల నణచుకొనుటకు, వినియోగించి, మలవేగము నాపినచో పిక్కలు తీయుట, పడిశము, శిరోవేదన మొదలగునవి కలుగునని చెప్పినాడు. 2014లో స్వచ్ఛభారత్ మొదలైన తరువాత ఇండ్లలో మరుగుదొడ్లు లేచినవి గాని, చేలగట్లపై లేవలేదు. ఈ తల్లికి పీచు తినుమని హితవు చెప్పుటకంటె ముందు రైతు నాలుగు తడికెల చాటు కట్టించి, బిందెడు మంచినీళ్ళు పెట్టించుట మేలైన చికిత్సయని నా అభిప్రాయము. బడి మరుగుదొడ్డి అసహ్యమై ఇంటికి వచ్చు వఱకు ఓర్చుకొను పిల్లలదియు ఇదే కథ.

ఇక చేయదగినది. భోజనానంతరము, విశేషించి ఉదయపు ఫలహారము పిదప, పెద్దప్రేవు సహజముగనే కదలును; ఆ సమయమున తొందర లేక, సెల్‌ఫోను లేక, కొంతసేపు కూర్చుండుట అలవఱచుకొనవలెను. గొంతుకూర్చుండు మన పాతపద్ధతిలో మలమార్గము చక్కనగును. కుర్చీదొడ్డి వాడువారు పాదముల క్రింద చిన్న పీట వేసికొనిన చాలును. గోంగూర, తోటకూర, చిక్కుడు, జామ, వారమున కొన్ని పూటలైన జొన్నరొట్టె – వీనిని మెల్లమెల్లగా పెంచవలెను; ఒక్కమారు పెంచినచో పొట్ట ఉబ్బును. ఇసబ్గోలుపొట్టు మంచిదే గాని, చాలినన్ని నీళ్ళు లేనిచో అదియే అడ్డుపడగలదు. ఆముదము, సునాముఖి ప్రేవులను ప్రేరేపించునవి. అప్పుడప్పుడు సరియే గాని నిత్యవ్రతముగా చేసికొనరాదు. గర్భిణులు ఆముదము త్రాగనే రాదు.

రక్తహీనతకిచ్చు ఇనుపమాత్రలు, కాల్షియము, కొన్ని నొప్పిమందులు, కొన్ని రక్తపోటు మందులు మలమును బంధింపగలవు. మందు మానక, వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. థైరాయిడు మందగించుట, మధుమేహము కూడ దీనివెనుక దాగియుండవచ్చును. మలములో రక్తము కనబడినను, కారణము లేక బరువు తగ్గినను, ఏబదియేండ్లు దాటినవారికి ఇదివఱకు లేని మలబద్ధకము క్రొత్తగా వచ్చినను మొలలని తామే నిర్ణయించుకొని జాగుచేయరాదు. కడుపు ఉబ్బి, వాంతులగుచు, అపానవాయువైన వెడలనప్పుడు ఇంట విరేచనపుమందు పోయక, ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.