వార్తల్లో పదం: విధానపర అవినీతి

లంచం చేతులు మారకుండానే, పాలకుని సొంత సంస్థకు మేలు జరిగేలా చట్టాన్నో పన్నునో ప్రభుత్వ రుణాన్నో మలచడాన్ని విధానపర అవినీతి అంటారు. థాయ్‌లాండ్ మాజీ ప్రధాని తక్సిన్ షినవత్ర ఉదంతంతో ఈ మాట ఆ దేశ ప్రజాచర్చలో స్థిరపడింది.

పోలీసు అధికారిగా పనిచేసి, తరువాత మొబైల్, ఉపగ్రహ సేవల అనుమతులతో షిన్ కార్పొరేషన్‌ను నిర్మించిన తక్సిన్ 2001లో ప్రధాని అయ్యారు. మంత్రులు కంపెనీలలో 5 శాతానికి మించి వాటా ఉంచుకోరాదన్న చట్టం ఉన్నందున వాటాలు పిల్లలు, బంధువుల పేర్లకు మారాయి. 2006 జనవరిలో టెలికాం రంగంలో విదేశీ వాటా పరిమితిని పెంచిన చట్టం అమలులోకి వచ్చిన కొద్ది రోజులకే ఆ కుటుంబం తన వాటాను సింగపూర్ ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌కు సుమారు 7,300 కోట్ల బాత్‌లకు, పన్ను లేకుండా విక్రయించింది. వాటాల అసలు యజమానులు తక్సిన్ దంపతులేనని, టెలికాం రుసుములను ఎక్సైజ్ సుంకంగా మార్చడం, మయన్మార్‌కు రుణమివ్వడం వంటి నిర్ణయాలు షిన్ సంస్థకే లాభించాయని నిర్ధారించిన సుప్రీంకోర్టు 2010లో సుమారు 4,600 కోట్ల బాత్‌లను జప్తు చేసింది.

చవక వైద్యం అందించిన నేతగా పేదలు ఆయనను అభిమానించారన్నది ఎంత నిజమో, 2006 సైనిక కుట్రతో గద్దెనెక్కినవారు నియమించిన సంఘమే ఈ కేసు దర్యాప్తు జరపడం న్యాయప్రక్రియపై సందేహాలకు తావిచ్చిందన్నదీ అంతే నిజం. ప్రవాసం నుంచి 2023లో స్వదేశం చేరిన తక్సిన్‌కు పాత కేసుల్లో పడిన 8 ఏళ్ల శిక్షను రాజు ఏడాదికి తగ్గించగా, జైలుకు బదులు ఆసుపత్రిలో గడిపిన కాలం శిక్షగా చెల్లదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయనను జైలుకు పంపింది.