ఐదు వన్నెల గిన్నె
చైనా వాయవ్య భాగమున, హొయాంగ్‌హో నది యొడ్డున నున్న లాన్‌జౌ నగరవాసులకు ఉదయాహారము గొడ్డుమాంసపు నూడుల్సు. 1915లో మా బావోజీ అను హుయ్ ముస్లిము ఈ వంటకమునకు నేటి రూపము నిచ్చెనని చెప్పుదురు.

వంటవాడు పిండిముద్దను పోగుగా సాగదీసి మడచును, మరల సాగదీయును. మడత మడతకు పోగులు రెట్టింపగును. ఎనిమిది మడతలకు 256! విద్యార్థులు లెక్క చూచుకొనవచ్చును. తేటరసము, తెల్లని ముల్లంగి, ఎఱ్ఱని మిరపనూనె, ఆకుపచ్చని కొత్తిమీర, పసుపువన్నె పోగులు: ఈ యైదును గిన్నెలో నుండవలెను.

2007లో వెల పెరుగగా జనులు గగ్గోలు పెట్టిరి. అధికారులు గరిష్ఠ ధర నిర్ణయించిరి. వండువాని శ్రమకు ఫలము దక్కవలదా యని కొందరు ప్రశ్నించిరి. రెండు మాటలును న్యాయమైనవే. కూలివాని కందుబాటులో నుండు గిన్నె వండినవానికిని కూడు పెట్టవలెను గదా!