కోడెల పుట్టిల్లు చూసొచ్చిన దంపతులు

మోటారు సైకిలుపై నల్లమల మీదుగా శ్రీశైలానికి

తిరుమలగిరి : శ్రీశైలం పోయి రావడం మన ప్రాంతంలో వింతేమీ కాదు. శివరాత్రికి కాలినడకన పోయేవారు, కార్తీకంలో బస్సు మాట్లాడుకుని పోయేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. అయితే తిరుమలగిరి (సాగర్) మండలానికి చెందిన ఒక రైతు దంపతులు ఈ ఏడు సంక్రాంతి వెళ్లాక మోటారు సైకిలుపై చేసి వచ్చిన ప్రయాణం కొంత వేరు. మల్లన్న దర్శనం వారికి ఒక పని. దారిలో తమ ఇంటి ఎడ్లు పుట్టిన చోటు చూసి రావడం రెండో పని. పత్రికలో పేర్లు వద్దని వారు కోరినందున ఇక్కడ ఇవ్వడం లేదు.

ఈ దంపతులకు నాలుగెకరాల మెట్ట ఉంది. సాగర్ ఎడమ కాలువ దగ్గర్లోనే పారుతున్నా ఎత్తున ఉన్న ఆ చెలకకు నీరెక్కదు. ఏటా పత్తి వేస్తారు. మూడేళ్ల క్రితం మేతకు తిప్పలై ఉన్న ఒక్క జత ఎడ్లనూ అమ్ముకున్నారు. నాటి నుంచి దున్నకానికి ట్రాక్టరు, గుంటుక తోలడానికి ఊళ్లో మిగిలిన ఎడ్లవారి చుట్టూ తిరగడం. పత్తి మోకాలి ఎత్తు దాటితే సాళ్ల మధ్య ట్రాక్టరు నడవదు. వాన వెలిసి పదును దొరికిన రెండు మూడు రోజుల్లోనే అందరికీ ఎడ్లు కావాలి. వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది, గడ్డి పెరిగిపోతుంది. మళ్లీ ఎడ్లు కొనాలా, వద్దా అన్నదే ఇంట్లో తెగని మాట.

"మా నాయిన అమ్రాబాద్ దిక్కు నుంచి కోడెలు పట్టుకొచ్చేటోడు. నాలుగు దినాలు నడిపించుకుంట వచ్చేటోడు" అని చెప్పారు ఆ రైతు. ఆ తోవ ఒకసారి చూడాలన్న కోరిక ఆయనకు చిన్ననాటి నుంచీ ఉంది. "పిల్లలు కారు మాట్లాడతమన్నరు. కార్ల కూసుంటె మనం ఆపమన్న కాడ ఆపుతరా? బండి మీదనే పోదమని నేనే అన్న" అన్నారు ఆయన భార్య. జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం మూట కట్టుకుని, చీకటి ఉండగానే బయల్దేరారు.

కొండలు మొదలు

హాలియా మీదుగా కొండమల్లేపల్లి, అక్కడి నుంచి దేవరకొండ. ఏడు కొండలను చుట్టి కట్టిన రేచర్ల పద్మనాయకుల కోట ఇక్కడే ఉంది. దేవరకొండ దాటి డిండి వద్ద హైదరాబాదు - శ్రీశైలం రహదారి ఎక్కారు. హాజీపూర్ చౌరస్తా నుంచి కుడివైపు దారి అచ్చంపేటకు పోతుంది. నేరుగా పోతే రంగాపూర్. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఉమామహేశ్వరం ఈ పక్కనే కొండ చరియలో ఉంది. అక్కడ చద్ది తిని ఘాటు ఎక్కితే మన్ననూరు. అమ్రాబాద్ పీఠభూమి అక్కడ మొదలవుతుంది.

మన్ననూరులో అటవీ శాఖ తనిఖీ కేంద్రం ఉంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అడవిలోకి వాహనాలను వదలరు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు వచ్చిన నల్లమల అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే.

పొడల మంద

దంపతులు ముందుగా అమ్రాబాద్ వైపు మళ్లారు. ఊరు దాటిన కొంత దూరానికి రోడ్డుకు అడ్డంగా మంద వచ్చింది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి, గోధుమరంగు మచ్చలు. ఈ మచ్చలనే పొడలంటారు. అందుకే వీటిని పొడ తూర్పు పశువులంటారు. "బండి ఆపయ్యా జర, మనింట్ల ఉన్న ఎడ్ల తీరుగనే ఉన్నయి" అని భార్య అనడంతో అక్కడే దిగిపోయారు. మందను తోలుకొస్తున్న లంబాడా పెద్దమనిషితో మాట కలిసింది. చెట్టు కింద గంటకు పైగా కూర్చున్నారు.

తూర్పు ఆవును పాల కోసం పెంచరు. ఇచ్చే కొద్ది పాలు దూడకే వదులుతారు. మంద కాపరికి ఆదాయం కోడెదూడల అమ్మకం మీదనే. పొలాల్లో మంద కట్టినందుకు రైతులు ఇచ్చేది కొంత తోడు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో కోడెలు అమ్ముడుపోతాయి. గట్టి గిట్టలు, తక్కువ మేత, ఎండకు తట్టుకునే ఒళ్లు వీటి గుణాలు. రాళ్ల చెలకల్లో పనికి ఇవి పేరెన్నిక గన్నవి. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో పొడ తూర్పును ప్రత్యేక దేశవాళీ జాతిగా నమోదు చేసింది.

గుర్తింపు వచ్చినా మందలు తగ్గుతున్నాయని ఆ కాపరి చెప్పారు. "ఎనుకట ఎండాకాలం కృష్ణ దాకా దిగేటోళ్లం. ఇప్పుడు అడవిలకు పోనిస్తలేరు. బయట బీడు లేదు, అంత పత్తే" అన్నది ఆయన బాధ. పులుల రక్షణ ముఖ్యమే. కాని మేతకు బదులు జాగా చూపకుంటే మంద నిలవదు. ఇక మెట్ట రైతులు ట్రాక్టర్లకు మళ్లడంతో కోడెలు కొనేవారూ పలచబడ్డారు. "ఆయన బాధల మా పాపం గుడ ఉన్నది. ఉన్న ఎడ్లను మేమే అమ్ముకుంటిమి" అని ఆ రైతు మాతో అన్నారు.

దోమలపెంటలో దండం

ఆ రాత్రి మన్ననూరులో ఆగి, పొద్దున గేటు తీయగానే అడవిలోకి సాగారు. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట. వాహనాల నుంచి తిండి పడుతుందని ఆశపడి కోతులు రోడ్డంచునే కూర్చుంటున్నాయి. వాటికి ఏమీ వేయరాదని బోర్డులున్నా వేసేవారు వేస్తూనే ఉన్నారు.

శ్రీశైలం జలాలను నల్లగొండ మెట్టకు తేవాలని తలపెట్టిన ఎడమగట్టు కాలువ సొరంగం దోమలపెంట దగ్గరే మొదలవుతుంది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం పైకప్పు కూలి ఇంజనీర్లు, కార్మికులు ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. దంపతులు అక్కడ రోడ్డు పక్కన బండి ఆపి దండం పెట్టారు. "మన చెలకలకు నీళ్లు తెద్దామని పోయినోళ్లు" అన్నది ఇల్లాలి మాట.

ఈగలపెంట దాటితే కృష్ణ లోయలోకి మలుపులు. 1981లో పూర్తయిన శ్రీశైలం ఆనకట్టను కింది వంతెన మీది నుంచి చూసి, సున్నిపెంట మీదుగా కొండ ఎక్కి మధ్యాహ్నానికి మల్లికార్జునుని, భ్రమరాంబను దర్శించుకున్నారు. భ్రమరాంబను చెంచులు తమ ఆడపడుచుగా, మల్లన్నను అల్లునిగా కొలుస్తారు.

మూడో రోజు రాత్రికి దంపతులు ఇల్లు చేరారు. దారి పొడుగునా ఆడవారికి మరుగుదొడ్లు కరువని, ఉన్నచోట నీళ్లు లేవని ఇల్లాలు చెప్పారు. ఈ రహదారిపై సాగే వేలాది యాత్రికుల కోసమైనా అధికారులు ఇది పట్టించుకోవాలి. పొడ తూర్పు మందలకు అడవి అంచున మేత భూమి చూపి, కోడెలు కొనే చిన్న రైతులకు బ్యాంకు అప్పు, ఎండుగడ్డి సాయం అందిస్తే అటు కాపరి, ఇటు మెట్ట రైతు ఇద్దరూ నిలుస్తారని పలువురు అంటున్నారు.

ఇంతకూ కోడెలు కొంటున్నారా అని అడిగితే ఆ రైతు భార్య వైపు చూశారు. "ఈసారి ఒక ఎకరం పత్తి తగ్గించి జొన్న ఏస్తం. సొప్ప ఉంటే కదా గొడ్లు ఉండేది. పంట చేతికొస్తే కురుమూర్తికి పోతం" అని ఆమె బదులిచ్చారు. మేము వెళ్లిన నాడు వారి పశువుల కొట్టంలో మూడేళ్లుగా పేర్చిన ఎరువుల సంచులు వాకిట్లోకి వచ్చి ఉన్నాయి. గాటి పాతుకు కొత్త గుంజలు చెక్కుతున్నారు.