వింత పురుగు కాదు, పాత జ్వరమే!

2025 నవంబరు చివర్లో మీ ఇంటి వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరిగిందో గుర్తుందా? విజయనగరం జిల్లా చీపురుపల్లి మండలంలో జ్వరంతో ఒక మహిళ చనిపోయారు. స్క్రబ్ టైఫస్ అని వార్తలొచ్చాయి. ఇక చూస్కోండి... వింత పురుగు, అంతుచిక్కని రోగం, ఉత్తరాంధ్రలో వణుకు! కంటికి సరిగ్గా ఆనని పురుగుని స్క్రీన్ మీద ఏనుగంత చేసి చూపించారు. హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఇంటి నుంచి ఫోన్లు: "ఒరే, ఏటో పురుగు కుడితే సచ్చిపోతన్నారట, జాగర్తరా!"

మీడియా సమాచారం ఇస్తోందా, భయపెడుతోందా? గ్రూప్ డిస్కషన్లలో ఇది పాత టాపిక్కే. చాలామంది "రెండూ ఉన్నాయి" అనేసి కూర్చుంటారు. మీరు అలా కాకుండా ఈ ఒక్క వార్తనే విప్పి చూడండి.

ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. కుట్టిన చోట చాలామందికి సిగరెట్‌తో కాలినట్టు నల్లటి మచ్చ పడుతుంది. నొప్పి ఉండదు, పైగా చంకలోనో నడుం దగ్గరో ఉంటుంది కాబట్టి ఎవరూ చూసుకోరు. వారం, పది రోజుల్లో జ్వరం. మందు డాక్సీసైక్లిన్, ఎప్పటి నుంచో ఉన్న చవక మందు. త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు సైనికులను పీడించిన జ్వరమిది. మన రాష్ట్రంలో కేసుల మీద హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 2014లోనే పరిశోధన పత్రం ప్రచురించారు.

మరి 'కొత్త' అన్న మాట ఏం చేసింది? కొత్త రోగమంటే మందు లేదనుకుంటాం. 'పాతదే, మందుంది, మచ్చ చూసుకోండి' అని మొదటి లైన్లోనే చెప్తే మనిషి పీహెచ్‌సీకి వెళ్తాడు. ఆ ముక్క చాలా వార్తల్లో చివరికి పోయింది. వెయ్యికి పైగా కేసులన్న అంకె కూడా అంతే. అది ఏడాది మొత్తానిది. స్క్రోలింగ్‌లో చూసినవాళ్లకి ఆ వారంలోనే వచ్చినట్టుంది.

అలాగని మీడియా నోరు మూసుకోవాలా? నేనైతే అలా అనను. ఆ హడావిడి లేకపోతే స్క్రబ్ టైఫస్ అనే పేరే చాలా ఊళ్లకి చేరేది కాదు. ఉద్దానం సంగతి చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు గురించి విలేకరులు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయంటే ఆ రాతలకీ వాటా ఉంది. కానీ అదే పేరు భయంగా మారి, అంటువ్యాధి కాకపోయినా ఉద్దానం పిల్లలకి సంబంధాలు వెనక్కి పోయాయి. మంచి వార్త కూడా సగమే చేరితే ఇలాగే ఉంటుంది.

సెలవులకి ఊరెళ్లి పొలంలోనో జీడితోటలోనో తిరుగుతారు కదా. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, రాగానే స్నానం చేయండి, బట్టలు గడ్డి మీద ఆరేయకండి. జ్వరం మూడో రోజుకీ తగ్గకపోతే పీహెచ్‌సీకి వెళ్లి, తోటకి వెళ్లొచ్చిన విషయం కూడా డాక్టర్‌కి చెప్పండి. మచ్చ కనపడలేదని ఆగొద్దు, అది అందరికీ ఉండదు.