పెరుగు పుల్లబడితే అందులో షుగర్ పోయినట్టేనా?

మా అమ్మకి షుగర్ ఉంది. పాలు మానేసింది గానీ పెరుగు మాత్రం గిన్నెడు తింటుంది. "పుల్లగా ఉంది కదరా, ఇందులో షుగర్ ఎక్కడిది?" అంటుంది. ఈ ఎపిసోడ్‌లో ఆ లెక్కే చూద్దాం.

పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజ్. ఆవుపాలైనా గేదెపాలైనా 100 గ్రాముల్లో సుమారు 5 గ్రాములు. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 10 గ్రాములు! పంచదార కంటే తీపి చాలా తక్కువ కాబట్టి నాలుకకి అంతగా తెలియదు.

తోడు వేశాక బ్యాక్టీరియా లాక్టోజ్‌ని గ్లూకోజ్, గెలాక్టోజ్ అని రెండుగా విడగొడుతుంది. గ్లూకోజ్‌ని వాడుకుని లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. ఆ పులుపు అదే. గెలాక్టోజ్ కొంత మిగిలిపోతుంది. పులుపు పెరిగేకొద్దీ బ్యాక్టీరియా పని కూడా మందగిస్తుంది. అందుకే మామూలు పెరుగులో లాక్టోజ్ 20 నుంచి 30 శాతమే తగ్గుతుంది. మిగతాది అందులోనే ఉంటుంది.

మరి దీన్ని కొలిచేదెలా? లాక్టోమీటర్ పేరు చూసి పొరబడకండి, అది కొలిచేది పాల సాంద్రతని. ల్యాబ్‌లో పాత పద్ధతి ఫెహ్లింగ్ ద్రావణం. పాలలోంచి కొవ్వు, ప్రోటీన్ తీసేసి, వడగట్టిన తేటని మరుగుతున్న నీలి ద్రావణంలో చుక్కచుక్కగా వేస్తారు. నీలం పోయి ఇటుక రంగు అడుగున చేరడానికి ఎంత తేట పట్టిందో చూసి లెక్క కడతారు. పాలకి ఇది సరిపోతుంది. చిక్కంతా పెరుగుతోనే! అందులో లాక్టోజ్, గ్లూకోజ్, గెలాక్టోజ్ మూడూ ఆ ద్రావణంతో చర్య జరుపుతాయి, ఏది ఎంతో తేలదు. అందుకే హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంతో వేటికవి విడదీసి కొలుస్తారు.

ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ అంకె చాలాసార్లు తీసివేత లెక్క. 100లోంచి నీరు, ప్రోటీన్, కొవ్వు, ఖనిజాలు తీసేయగా మిగిలింది. లాక్టిక్ ఆమ్లం కూడా ఆ మిగులులోనే కలిసిపోతుంది. కాబట్టి దాని కింద ఉండే "షుగర్స్" వరుస చూడండి.

అమ్మకి ఇదే చెప్పాను. 150 గ్రాముల గిన్నె పెరుగులో చక్కెర 5 గ్రాములకి పైనే. నీళ్లు పోసి మజ్జిగ చేస్తే పలచబడుతుందే గానీ మాయమైపోదు. పెరుగు మానక్కర్లేదమ్మా, లెక్కలో వేసుకో చాలు అన్నాను. మీరు ఎంత తినొచ్చో మాత్రం మీ డాక్టర్‌నే అడగండి. ఉంటానండి.