చెరువును బ్రతికించుట

చెరువు బాగుచేయుట యనగా పూడిక తీయుటయే యని నేను చిరకాలము తలంచితిని. మా యూరి చెరువులో పూడిక తీసిన మరుసటి యేడు వానలు బాగుగనే కురిసినవి. చెరువు మాత్రము నిండలేదు. ఎగువకు నడచి చూచితిని. పైచెరువు అలుగునుండి నీరు తెచ్చు కాలువ చేలలో కలిసిపోయి యున్నది!

తెలంగాణమున చెరువులు గొలుసుకట్టుగ నున్నవి. పైది అలుగు పారిననే క్రిందిది నిండును. కాకతీయులనాటి పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. 2015లో ప్రభుత్వ మారంభించిన మిషన్ కాకతీయ పథకమున వేలకొలది చెరువుల పూడిక తీయగా, సారవంతమైన యా యొండ్రుమట్టిని రైతులు తమ చేలకు తోలుకొనిరి. అది మేలైన పనియే. కాని నీరు వచ్చు దారి లేనిచో ఎంత లోతు త్రవ్వినను ఫల మేమి?

కావున మొదట కాలువ, పిదప కట్ట, తూము, అలుగు. ఆ తరువాతనే పూడిక. కట్ట మొదట త్రవ్వరాదు, కట్ట బలహీనమగును. అంచులన్నియు నిలువుగ కోయరాదు. కొంగలకును, ఉల్లంకి పిట్టలకును నిలిచి మేత యేరుకొనుటకు పలుచని నీరు వలయును. చెరువులోని నల్లతుమ్మలను నరుకరాదు. పక్షులు వానిపై గూళ్లు కట్టును.

మా కాలువ తిరిగి పారుటకు కొందరు రైతులు తాము దున్నుకొనుచున్న చాళ్లను వదలుకొనవలసి వచ్చెను. ఒప్పించుటకు రెండేండ్లు పట్టినది. మన్ను త్రవ్వుటకంటె అదియే కష్టమైన పని. చెరువు నిండిన యేడు వారి బావులలోనే మొదట నీరు పైకి వచ్చినది.