నీళ్లు తాగించొద్దు, హెల్మెట్ లాగొద్దు

ఘజియాబాద్‌లోని వైశాలి మెట్రో స్టేషన్ కింద పొద్దున తొమ్మిదింటి గందరగోళం చూసినవాళ్లకే తెలుసు. ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో ఒక కొమ్మ అక్కడితో ఆఖరు. దిగినవాళ్లను ఎక్కించుకోవడానికి ఈ-రిక్షాలు రోడ్డు మధ్యదాకా వచ్చేస్తాయి. పోయిన చలికాలంలో ఒకరోజు, పొగమంచు ఇంకా విడవలేదు, రాంగ్ సైడ్‌లో దూసుకొచ్చిన తెల్ల కారు ఒకటి స్కూటర్‌ను గుద్ది డివైడర్ ఎక్కి ఆగింది. ఘజియాబాద్‌కు రాంగ్ సైడ్ కొత్త కాదు. 2023 జులై 11న ఢిల్లీ–మేరఠ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎదురొచ్చిన ఖాళీ స్కూల్ బస్సు ఒకే కుటుంబంలో ఆరుగురిని పొట్టన పెట్టుకుంది. అయినా యూటర్న్ దాకా వెళ్లే ఓపిక ఎవరికీ రాలేదు.

నా చేతిలో టీ గ్లాసు ఉంది. స్కూటర్ కుర్రాడు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. తలకు హెల్మెట్ ఉంది. ఎడమ మోచేతి కింద స్వెటర్ చేయి నల్లగా తడిసిపోతోంది. నిమిషంలో యాభై మంది పోగయ్యారు. ఆ తర్వాత నా చెవిన పడ్డ మాటలన్నీ హిందీవే గానీ, మన ఊళ్లలోనూ ఇవే వింటాం.

అపోహ: "ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారు."

నేనూ అదే అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. పైకి లేచిన ఫోన్లు అరడజను కనిపించాయి. అన్నీ వీడియోకే. టీ కొట్టాయన "కిసీనే ఫోన్ కియా?" అని గట్టిగా అడిగితే ఒక్కరూ పలకలేదు. అప్పుడు నేను 108 కొట్టాను. అవతలి గొంతు మొదట అడిగింది దెబ్బల గురించి కాదు, చోటు గురించి. వైశాలి అంటే చాల్లేదు. మెట్రో పిల్లర్ మీద నంబరు చదివి చెబితే ఆ అమ్మాయికి దారి దొరికింది. 112కు చేసినా పని జరుగుతుంది. పోలీసు, ఫైర్, అంబులెన్సు మూడింటికీ దేశమంతా అదే నంబరు.

ఈ 108 మన హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ సభల్లో "కుయ్ కుయ్ కుయ్" అంటూ దాని సైరన్ మోగించేవారు. ఉత్తరప్రదేశ్‌కు వచ్చింది 2012లో. అది మా ఊరి నంబరు అని వైశాలిలో గొప్పలు పోవాలని ఉంటుంది గానీ, అది సమయం కాదు.

ఫోన్ చేసేవాడికి పడి ఉన్నది ఎవరో తెలియనక్కర్లేదు. 2021 సెప్టెంబర్ 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర హీరో సాయిధరమ్ తేజ్ బైకు జారి పడ్డప్పుడూ 108కు కబురు వెళ్లింది దారిన పోయేవాళ్ల నుంచే.

అపోహ: "ముట్టుకుంటే కేసు మెడకు చుట్టుకుంటుంది."

"పోలీస్ కేస్ హై భాయ్, హాథ్ మత్ లగానా" అన్నాయన బ్యాగు భుజానికి సర్దుకుని వెనక్కి తగ్గాడు. ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. సాయం చేసి స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగినవాళ్ల కథలు మా నాన్న తరమంతా విన్నది. ఆ భయం ఊరికే పుట్టలేదు, కాకపోతే కాలం చెల్లింది. సాయం చేసేవాళ్లను కాపాడటానికి కేంద్రం 2015 మేలో ఇచ్చిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న దేశమంతా పాటించి తీరాలంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది, 2020లో నిబంధనలూ వచ్చాయి. వాటి ప్రకారం సాయం చేసినవారు పేరు చెప్పాల్సిన పని లేదు. ఆస్పత్రివాళ్లు ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. తమంతట తాము సాక్ష్యం చెబుతామంటే పోలీసులే వాళ్లకు వీలైన చోటికి, మఫ్టీలో వచ్చి అడగాలి. ఈ హక్కుల బోర్డు ఆస్పత్రి గుమ్మం దగ్గర వేలాడాలని కూడా నిబంధన. ఈసారి వెళ్లినప్పుడు వెతికి చూడండి. నాకైతే వెతకాల్సే వచ్చింది.

ఆ రోజు కానిస్టేబుల్ నా పేరు అడిగాడు. చెప్పనక్కర్లేదని తెలిసీ చెప్పాను. రాసుకుని "ఠీక్ హై, జాయియే" అన్నాడు. అంతే.

అపోహ: "ముందు నీళ్లు పట్టండి, హెల్మెట్ తీయండి, ఆటోలో పడెయ్యండి."

మూడూ ప్రేమతో చేసే పనులే, మూడూ ప్రమాదమే. స్పృహ సరిగా లేనివారికి పట్టిన నీళ్లు శ్వాసనాళంలోకి పోవచ్చు. ఆపరేషన్ అవసరమైతే కడుపులో ఉన్న నీళ్లు మత్తు డాక్టరుకు తలనొప్పి. హెల్మెట్ లాగితే, కాళ్లూ చేతులూ పట్టి ఎత్తితే, మెడలోనో వెన్నులోనో విరిగిన ఎముక వెన్నుపామును నొక్కేయవచ్చు. ఊపిరి ఆడకపోతేనో, మంటలు లేస్తేనో, ఉన్నచోట ఇంకో బండి కింద పడే ప్రమాదం ఉంటేనో తప్ప కదిలించకూడదు.

మరి చేయగలిగింది? రక్తాన్ని ఆపడం. ఒక ఈ-రిక్షా ఆయన మెడలోని గమ్ఛా తీసి నాలుగు మడతలు పెట్టి గాయం మీద అదిమాడు. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో ఎత్తబోతే వద్దన్నాను. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వేసి నొక్కాలి. టీ కొట్టాయన తువ్వాలు ఇచ్చాడు.

అపోహ: "అంబులెన్సు వాళ్లు చేసేదేముంది, ఎక్కించుకుని పోవడమే కదా."

బండి వచ్చింది. దిగిన ఈఎంటీ (అంబులెన్సులో ఉండే వైద్య సహాయకుడు) పరుగెత్తలేదు. కుర్రాడి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, హెల్మెట్‌ను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, "నామ్ క్యా హై బేటా?" అన్నాడు. కుర్రాడు గొణిగాడు. పేరు కోసం కాదు ఆ ప్రశ్న. జవాబు వచ్చిందంటే ఊపిరి దారి తెరిచే ఉంది, శ్వాస ఆడుతోంది, మెదడు పలుకుతోంది. చుట్టూ జనం "జల్దీ కరో, లే చలో" అని ఒకటే అరుపులు. ఆయన తల ఎత్తలేదు. పైలట్ (108లో డ్రైవరును అలాగే పిలుస్తారు) వచ్చి మెడను పట్టుకుంటే, ఈయన హెల్మెట్‌ను అంగుళం అంగుళం జరిపి తీశాడు. మెడకు పట్టీ, కత్తెరతో స్వెటర్ చేయి రెండుగా, గమ్ఛాను తీయకుండానే దాని పైనుంచి కట్టు, ఒంటి కిందకు బోర్డు. అప్పుడు లేపారు. నా టీ మీద మీగడ కట్టింది.

అపోహ: "ఎమ్మెల్సీ కేసు, ప్రైవేటులో చేర్చుకోరు."

ఎమ్మెల్సీ అంటే మనకు ముందు శాసనమండలి గుర్తొస్తుంది. ఆస్పత్రి భాషలో అది పోలీసులకు చెప్పాల్సిన కేసు. కారు గుద్దిన ఒక స్కూటరిస్టును ఇలాగే కాదు పొమ్మని ఇరవై కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి పంపితే దారిలోనే పోయాడు. పత్రికలో వచ్చిన ఆ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే హక్కుల కార్యకర్త కోర్టుకెక్కితే, 1989లో సుప్రీంకోర్టు తేల్చేసింది: సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం, తర్వాతే కాగితం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకమూ ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఆ ఈ-రిక్షా ఎక్కాను. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకు రాహ్‌వీర్ పథకంలో 25,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంకోసారి ఎక్కడైనా కనిపిస్తే గుర్తుపెట్టుకో అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "అది సరే సాబ్, నా గమ్ఛా ఎవరిస్తారు?"